మా కాగితం మాకివ్వండి

మన గురించి పోలీసులు రాసుకున్న కాగితాలకు నూరేళ్ళు దాటింది. పోలీసుల దగ్గర మనం అడిగి తెచ్చుకున్న కాగితాలు ఎన్ని? కర్నూలు, కడప జిల్లాల్లో ఏ ఎరుకల వాడలోనైనా, ఏ సుగాలి తండాలోనైనా, నల్లమలలో ఏ చెంచు గూడెంలోనైనా ఇల్లిల్లూ తిరిగి అడగండి. దెబ్బలు తిన్నవాళ్ళు కనపడతారు. "టేసనుకు పోయొచ్చినాం సారూ" అనేవాళ్ళూ కనపడతారు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ తీసి చూపించేవాళ్ళు మాత్రం అరుదు. దీనికి మన అమాయకత్వమే కారణమని మీటింగుల్లో చెప్తుంటారు. మేము ఒప్పుకోం. భయం ఊరకే పుట్టలేదు.

ఎరుకలోళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట సీమకు తెచ్చి, ధాన్యానికి మార్చుకొని బతికినవాళ్ళు. తెల్లదొరల ఉప్పు పన్ను, రైలు ఆ బతుకును ముంచినాయి. పైన 1876-78 కరువు. తిరిగి బతికేవాళ్ళకు తిండి లేకుండా చేసి, తిరగడమే నేరమన్నారు. నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి తెచ్చినాక మన పేర్లు రిజిస్టరు కెక్కినాయి. వేలిముద్రలు, ఊరు దాటితే చీటీ, రాత్రిపూట హాజరు. స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. మన ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురంలోనూ అట్లాంటి సెటిల్‌మెంటు నడిచిందని ఆ చుట్టుపక్కల పనిచేసే టీచర్లకే తెలియదు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. రిజిస్టరు మూసినారు, హిస్టరీ షీటు తెరిచినారు.

ఈరోజుకూ టౌన్లో దొంగతనం జరిగితే జీపు ముందు మన వాడకొస్తుంది. "ఊరికే అడిగి పంపిస్తాం" అంటారు. మగోడు దొరక్కపోతే పెండ్లాన్నో తల్లినో స్టేషన్లో కూర్చోబెడతారు. ఇది చట్టం కాదు, అలవాటు. 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో 35వ సెక్షన్ చూడండి, అరెస్టు అవసరం లేని చోట విచారణకు పిలవాలంటే నోటీసు ఇవ్వాలి. 179వ సెక్షన్ ప్రకారం సాక్షిగా అడగాలన్నా ఆడవాళ్ళను స్టేషనుకు రప్పించకూడదు, వాళ్ళుండే చోటికే పోయి అడగాలి. మన వాడలో నోటీసు కాగితం చూసినవాళ్ళు ఎంతమంది?

అయితే మన లోపలి మాట కూడా చెప్పుకోవాలి. మనోళ్ళకు అన్యాయం జరిగితే ముందు పోయేది ఊరి పెద్దాయన ఇంటికి. ఆయన ఫోన్ చేస్తే ఎస్.ఐ. పలుకుతాడని నమ్మకం. పలుకుతాడు, నిజమే. రాజీ చేసి పంపిస్తాడు. ఆ రాజీకి కాగితం ఉండదు, ఆ పెద్దాయనకు మనం ఓటుతో, చాకిరీతో బాకీ పడతాం. ఫ్యాక్షన్ నడిపిన ఊర్లలో ఈ బాకీ ఎట్లాంటిదో మన సీమోళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"ఫిర్యాదిస్తే మనమీదే కౌంటర్ కేసు కడతారు" అంటారు. కడతారు. అందుకే మన కాగితం ముందుండాలి. ఏ రోజు, ఏ టైముకు మనం చెప్పుకున్నామో ఎఫ్.ఐ.ఆర్.లో ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చి, రసీదు లేకుండా "రెండ్రోజులాగి రాపో" అంటే ఇంటికొచ్చేవాడికి ఏ టైమూ ఉండదు. రేపు ఎదుటోడే ముందొచ్చినట్టు అవుతుంది.

చట్టం ఇక్కడ మన పక్కనే ఉంది. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. మా పరిధి కాదనడానికి లేదు, ఏ స్టేషన్లోనైనా తీసుకోవాల్సిందే. కాగ్నిజబుల్ నేరం కనపడితే కేసు కట్టడం తప్పనిసరని సుప్రీంకోర్టు 2013లోనే లలితాకుమారి కేసులో తేల్చింది. కట్టకపోతే అదే అర్జీని పోస్టులో ఎస్.పి.కి పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. కులం పేరుతో జరిగిన దాడి అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంకో మెట్టు పైకి పోయింది. కావాలని కేసు కట్టకపోయినా, కాపీ ఇవ్వకపోయినా, ఎస్సీ ఎస్టీ కాని అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలని 4వ సెక్షన్ చెప్తోంది. ఈ సెక్షన్ పేరు ఒక్కసారి పలికితే స్టేషన్ రైటర్ కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

టీచర్లకు ఒక మాట. ఎనిమిదో తరగతిలో లేఖారచన అంటే ఇప్పటికీ సెలవు చీటీయే, జ్వరం వచ్చినందున రాలేనని. దాని పక్కనే ఎస్.ఐ.కి అర్జీ, ఎస్.పి.కి అర్జీ, సమాచార హక్కు దరఖాస్తు ఎందుకు రాయించకూడదు? "గవర్నమెంటు ఉద్యోగులం, మనకెందుకు సార్ పోలీసులతో" అనే మాట స్టాఫ్ రూముల్లో చాలా విన్నాం. అర్జీ రాయడం నేర్పించొద్దని ఏ సర్వీస్ రూల్స్‌లో ఉందో ఆ మాట అన్నవాళ్ళే చూపించాలి. మన జీతాలు ఆ వాడల రిజర్వేషను వల్ల వచ్చినవే.

మిగిలింది హిస్టరీ షీటు. అమానతుల్లా ఖాన్ కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు, వెనకబడిన కులాల్లో, ఎస్సీ ఎస్టీల్లో పుట్టినంత మాత్రాన అమాయకుల పేర్లు యాంత్రికంగా అందులో ఎక్కించొద్దని చెప్పింది. అన్ని రాష్ట్రాలూ ఆరు నెలల్లో దీన్ని పాటించే ఏర్పాటు చేసుకోవాలంది. అదే ఏడు అక్టోబరు 3న సుకన్యా శాంత తీర్పులో, విముక్త జాతుల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా పోలీసులు ఆ మార్గదర్శకాలు పాటించాలని మళ్ళీ చెప్పింది. ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయినాయి. షీటు పోలీసుల లోపలి కాగితం, చూపించమంటే చూపించరు. లెక్క అడగొచ్చు. ఈ స్టేషన్లో ఎన్ని షీట్లున్నాయి, వాటిలో ఎస్టీలవి ఎన్ని, ఆ తీర్పు తర్వాత ఎన్నింటిని తిరిగి చూసినారు, ఎన్ని మూసినారు? పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. "దర్యాప్తుకు అడ్డం" అంటూ 8(1)(హెచ్) చూపిస్తే, అంకెలు ఏ దర్యాప్తుకు ఎట్లా అడ్డమో రాసివ్వమని అప్పీలు వేయాలి. దారిద్య్రరేఖకు దిగువనున్న వాళ్ళకు ఫీజు లేదు, మిగతావాళ్ళకు పది రూపాయలు దాటదు. జవాబుకు గడువు 30 రోజులు. ప్రతి వాడ నుంచి ఒక దరఖాస్తు, ఒకే వారంలో, రెండు జిల్లాల్లోనూ పోవాలి.