పరిశోధనా దత్తాంశానికి పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ కాదు

కొన్నేళ్ల క్రితం నేను వాడే కంప్యూటర్ మొరాయించింది. మూడు ఖరీఫ్‌ల వరి ప్రయోగాల దిగుబడి వివరాలు అందులోనే ఉన్నాయి. మరమ్మతుకు వచ్చిన యువకుడు నన్ను పాస్‌వర్డ్ అడగలేదు. హార్డ్ డిస్క్‌ను ఊడదీసి, మరో కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. దత్తాంశం దక్కిందని సంతోషించాను. ఎంతో గోప్యంగా దాచుకున్న పాస్‌వర్డ్ అతనికి అవసరమే పడలేదన్న సంగతి ఇంటికి చేరాక గాని తట్టలేదు.

లాగిన్ పాస్‌వర్డ్‌ను అడిగేది ఆపరేటింగ్ సిస్టమ్. పెన్‌డ్రైవ్ నుండి వేరొక సిస్టమ్‌ను నడిపినా, డిస్క్‌ను వేరుచేసినా అడిగేవారే ఉండరు. పాస్‌వర్డ్ ఎంత కఠినమైనదైనా ఫలితం ఒక్కటే. డిస్క్‌లోని సమాచారాన్నే గుప్తలిపిగా మార్చే ఎన్‌క్రిప్షన్ ఉంటే, ఆపివేసిన యంత్రం పరుల చేత చిక్కినా సమాచారం చిక్కదు. విండోస్‌లో బిట్‌లాకర్, లినక్స్‌లో లక్స్ ఇందుకు ఉపకరిస్తాయి. అయితే తెరిచి వదిలిన కంప్యూటర్‌ను ఇవేవీ కాపాడలేవు.

మన కార్యాలయాల్లో కంప్యూటర్ గది తరచు పగలంతా తెరిచే ఉంటుంది. ఒకే లాగిన్‌ను పలువురు వాడుకుంటారు. ప్రదర్శనా క్షేత్రాల రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు అందులోనే ఉంటాయి. రైతు వాటిని మనపై నమ్మకంతో ఇచ్చాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సైతం తగిన భద్రత కల్పించే బాధ్యతను సమాచారం సేకరించిన సంస్థపైనే ఉంచింది.

చౌర్యం కంటే నన్ను ఎక్కువగా కలవరపరచేది మరొకటి ఉంది. ఒక మడి దిగుబడి అంకె పొరపాటున గాని, కావాలని గాని మారితే, ఉమ్మడి లాగిన్‌లో మార్చినవారెవరో తేలదు. రెండు నత్రజని మోతాదుల మధ్య లేని తేడా ఉన్నట్లు కనిపించవచ్చు. ఆ తప్పు సిఫారసై రైతు పొలం దాకా వెళ్తుంది. గడిచిన ఖరీఫ్‌ను మళ్లీ సాగుచేసి సరిచూసుకోలేము.

ఇదంతా కంప్యూటర్ విభాగం పని అనే వాదన ఉంది. దానితో నేను ఏకీభవించను. బ్రీడర్ విత్తనాన్ని తాళం వేసిన గదిలో ఉంచి, రిజిస్టరులో సంతకం తీసుకున్నాకే బయటికి ఇస్తాము. ఆ క్రమశిక్షణే దత్తాంశానికీ అవసరం. ఎవరి లాగిన్ వారికుండాలి. కుర్చీ నుండి లేచేటప్పుడు విండోస్, ఎల్ మీటలు కలిపి నొక్కి తెరను లాక్ చేయాలి. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, రికవరీ కీని కాగితంపై రాసి వేరొక బీరువాలో భద్రపరచాలి. అది పోతే మన దత్తాంశం మనకే అందకపోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన మరో ప్రతి వేరొక భవనంలో ఉండాలి. మరమ్మతు మన సమక్షంలోనే జరగాలి. పాత కంప్యూటర్‌ను వేలానికి పంపే ముందు డిస్క్‌ను తీసివేయాలి. చేతిరాత క్షేత్ర పుస్తకాన్ని మాత్రం ఎన్నడూ పారవేయరాదు.

పరిశోధక విద్యార్థులు ఈ అలవాట్లను సిద్ధాంత గ్రంథం రాసే దశలో గాక, మొదటి మడి కొలిచిన రోజునే మొదలుపెట్టాలని నా మనవి.