పరభాషకు దగ్గఱి దారి

నంబులపూలకుంట మండలమున, గూటిబయలు గ్రామముకడ, తిమ్మమ్మ మఱ్ఱిమాను కలదు. ఊడలే మానులై, సుమారు ఐదెకరముల నేలను కప్పుకొనిన యీ వృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. దూరదేశముల నుండియు దీనిని చూడ వచ్చువారు కలరు. వచ్చినవారికి ఈ చెట్టు కథను వారి భాషలోనే చెప్పగల బాలుడో బాలికయో ఆ చుట్టుపట్ల ఊళ్లలో ఉండరాదా? “పరదేశపు భాషలు పట్టణములలోని కలవారి పిల్లలకు గాని మనకేల?” యని పల్లెటూరి విద్యార్థులు అనుట నేను పలుమాఱులు వింటిని. ఆ తలంపు సరియైనది కాదని నా అభిప్రాయము.

పెనుకొండకు సమీపమున, ఎఱ్ఱమంచికడ, కొరియా దేశపు కియా సంస్థ కార్ల కర్మాగారమును నెలకొల్పినది. 2019లో అచ్చట ఉత్పత్తి ఆరంభమైనది. దానితో కొరియనులు మన సీమకు వచ్చిరి. ఎన్నడును వినని వారి భాష మన పొరుగుభాష అయినది. దానిని నేర్వదలచిన మన పిల్లవాడు ఏమి చేయుచున్నాడు? చేతిఫోనులో ఒక పాఠమును తెఱచుచున్నాడు. ఆ పాఠము తఱచుగా ఇంగ్లీషులో నుండును. వాడు మొదట ఇంగ్లీషును తెలుగులోనికి మార్చుకొని, పిమ్మట కొరియా మాటను పట్టుకొనవలెను. ఒక యేటిని దాటవలసినచోట రెండేళ్లను దాటుచున్నాడు. కొరియా భాషకు ఇంగ్లీషుకంటె తెలుగే దగ్గఱి దారియని వానికి చెప్పినవారు లేరు.

“నేను అన్నమును తింటాను” అను వాక్యమును చూడుడు. కొరియనులు దీనిని “నానున్ పాబుల్ మొగొయొ” యందురు. ‘నా’ యనగా నేను. ‘పాప్’ అనగా అన్నము. దానికి చేరిన ‘ఉల్’ మన ‘ను’ వంటి ప్రత్యయము. క్రియ మనకువలెనే చివర వచ్చినది. ఇంగ్లీషులోనైతే క్రియ కర్మకు ముందు నుండును. తెలుగు పిల్లవాడు మాటలను మార్చిన చాలును, వాక్యపు కూర్పును మార్చుకొన బనిలేదు. ఇట్టి పోలికలను చూచియే హల్బర్టు అను అమెరికను పండితుడు 1905లో కొరియా భాషకును ద్రావిడభాషలకును తులనాత్మక వ్యాకరణమును వ్రాసినాడు. ఈ రెండును ఒకే తల్లి బిడ్డలన్న వాదమును నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరింపరు. చుట్టఱికము లేకున్న నేమి, ఇరుగుపొరుగుల యిండ్లు ఒకే తీరున కట్టబడి యుండవచ్చును గదా!

మర్యాద విషయమున ఈ పోలిక మఱింత ముచ్చటగా నుండును. మనము తోటివానిని ‘తిను’ అందుము. కొత్తవారిని ‘తినండి’ యందుము. పెద్దలను ‘భోజనము చేయండి’ యని క్రియనే మార్చి పలుకుదుము. కొరియనులును స్నేహితునితో ‘మొగొ’ యనియు, కొంత గౌరవముతో ‘మొగొయొ’ యనియు, పెద్దలతో వేఱుమాట గైకొని ‘తుసెయొ’ యనియు అందురు. ఇంగ్లీషు పాఠము ఈ మూటికిని ‘ఈట్’ అను ఒక్క మాటనే యిచ్చును. ఎదురుపడినవారిని ‘అన్నము తింటివా?’ యని పలుకరించుట మన పల్లెలలో వాడుక. కొరియాలోను అదే వాడుక కలదు. ఇంగ్లీషు మీదుగా వచ్చిన పిల్లవాడు ఈ పలుకరింపును విని, తనకు అన్నము పెట్టబోవుచున్నారనుకొనును!

లిపి సంగతియు నట్టిదే. సేజోంగ్ రాజు 1443లో కల్పించి, 1446లో ప్రకటించిన ఆ లిపిలో హల్లును అచ్చును కలిపి ఒక ముద్దగా వ్రాయుదురు. గుణింతము నేర్చిన మనకు ఇది వింత గాదు. వారి రాజధాని పేరును వారు ఇంచుమించు ‘సొఉల్’ అని పలుకగా, మనము ఇంగ్లీషు అక్షరములను నమ్మి ‘సియోల్’ అని వ్రాయుచున్నాము.

అట్లయిన ఫోను వ్యర్థమా? కాదు. కొరియా ధ్వనులు కొన్ని తెలుగులో లేవు. వానిని చెవితో వినియే పట్టవలెను. పల్లెబడిలో కొరియను ఉపాధ్యాయుడు దొరకడు. ఫోను ఒక మాటను నూఱుసారులు పలుకుమన్నను విసుగుకొనదు. మన పలుకును పట్టి తిరిగి మనకే వినిపించును. తప్పు పలికినచో నవ్వదు. తరగతిలో నలుగురు నవ్వుదురను భయముననే నోరు తెఱువని పిల్లలకు ఇది చిన్న మేలు గాదు. సేజోంగ్ రాజు పేర నెలకొన్న సంస్థ యొకటి అంతర్జాలమున ఉచితముగా పాఠములను అందించుచున్నది. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబులు పంచినప్పుడు ఎన్నో పల్లెబడులకు ఇట్టి సాధనములు చేరినవి. అనువాదయంత్రము విషయమున మాత్రము నాకు జంకు కలదు. మనము మాటకొఱకు వెదకక మునుపే అది యందించును. వెదకని మాట మనసున నిలువదు.

ఇంతకును పరభాషను నేర్చుటలో మన పొరుగుననే ఒక గురువున్నాడు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులకడ చదివి యూరకుండలేదు; జనుల నోట నాడుచున్న వేమన పద్యములను సేకరించి, తన భాషలోనికి మార్చి, 1829లో అచ్చువేయించినాడు. 1852లో ఆయన తెలుగు నిఘంటువు వెలువడినది. ఆ వేమన సమాధి యున్నదని ప్రసిద్ధి గన్న కటారుపల్లె మన కదిరి ప్రాంతముననే కలదు. పరభాషవాడు మన ఊరి మాటలతో మన భాషను నేర్చినాడు. మన ఊరి సంగతులతో మనమేల వారి భాషను నేర్వరాదు?

కావున ఆ ప్రాంతపు బడులలో ఒక్క పని చేసి చూడవలెనని నా కోరిక. తరగతి యంతయు కలిసి మఱ్ఱిమానును గూర్చి పది చిన్న వాక్యములను మొదట తెలుగులో కూర్చుకొనవలెను. పిమ్మట వానిని కొరియా భాషలోనికి మార్చి, ఫోనులో విని సరిచూచుకొనవలెను. ఒకరు యాత్రికులుగా, ఒకరు మార్గదర్శకులుగా చెట్టు క్రిందనే నిలిచి, ఫోను సంచిలో నుంచి, మాటలాడవలెను. మొదటి మాట ‘పెద్ద చెట్టు’ అని యుండవచ్చును. ‘నాము’ అనగా చెట్టు, అది సులభము. పెద్ద యనుటకు వారు ‘ఖున్’ వంటి మాటను పలుకుదురు. మన ‘ఖ’కారము అందులకు అక్కఱకు వచ్చును గాని, దాని నడుమనున్న అచ్చు మన ఉకారము గాదు; పెదవులను గుండ్రముగా చుట్టక పలుకవలెను. ఫోనును తీసి ఆ ధ్వనిని పదిసారులు వినుడు.