చలికి సిగ్డీ వద్దు, రజాయి చాలు

చలి మొదలవగానే మన లాల్‌పేట్‌లో బొగ్గు సిగ్డీలు బయటికొస్తాయి. పైనుంచి బొగ్గు నింపి, వాకిట్లో రాజేసి, పొగ తగ్గాక గదిలోకి తెస్తారు. పొగ పోతే ప్రమాదం పోయిందనుకోకండి. ఎర్రటి నిప్పుల నుంచి కూడా రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది.

యునానీలో ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరింటిలో మొదటిది గాలి. అదే చెడితే నా జోషాందా ఏం చేస్తుంది?

పొయ్యి పెట్టాల్సిందే అంటే పై మూత బిగువుగా పడేది, పొగగొట్టం కప్పు దాటేది చూసి కొనండి. ఎండు కట్టెలే వేయండి, కిటికీ కొంచెం తీసి ఉంచండి. మన చంద్రపూర్ చలికి అంత ఖర్చెందుకని నా అభిప్రాయం. మంచి రజాయి చాలు.

సిగ్డీ ఉన్న గదిలో తలనొప్పి, వికారం వస్తే జలుబనుకోవద్దు. వెంటనే బయటి గాలికి తెచ్చి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, నా దవాఖానాకు కాదు.