నీళ్ల ఊర్లో బాబాసాహెబ్

బెజవాడ స్వరాజ్య మైదానం చూసొచ్చాం. మన తిరుపతి, చిత్తూరు పల్లెల నుంచి పోయేవాళ్లు బందరు రోడ్డు పట్టుకుంటే చాలు, దూరం నుంచే బాబాసాహెబ్ కనిపిస్తాడు. 81 అడుగుల పీఠం, దానిమీద 125 అడుగుల విగ్రహం. ఒకప్పటి పీడబ్ల్యూడీ గ్రౌండు, సభలు జరిగిన చోటు, 2024 జనవరి 19 నుంచి ఆయన పేరిట పార్కు. పెట్టింది ఏ పార్టీ, పలక మీద ఎవరి పేరు అన్న కొట్లాట మనది కాదు.

మాకు తట్టింది నీళ్ల సంగతి. ఈ ఊర్లోనే ఇంగ్లీషోళ్లు 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట కట్టి కాలువలు తీశారు. బందరు కాలువ, ఏలూరు కాలువ ఊరి నడుమే ఉన్నాయి. ఆ మట్టి మోసిందెవరు, ఆ నీళ్లు ఎవరి మళ్లకు పారాయి? కారంచేడులో మనోళ్లు తాగే చెరువును మురికి చేయొద్దన్న మాట దగ్గరే గొడవ మొదలైంది. 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. బాబాసాహెబ్ మహద్ చెరువులో దిగి దోసెడు నీళ్లు తాగింది 1927లో. అంటే అప్పటికే 58 ఏళ్లు!

పోండి, పిల్లోళ్లను తీసుకుపోండి. దర్జాగా తిరగండి. తిరిగొచ్చినాక మీ పల్లెలో కొళాయి ఎక్కడుందో, చివరింటికి ఎన్నాళ్లకొకసారి నీళ్లొస్తున్నాయో మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.