దయాధర్మాలకు వదిలేసిన ప్రాణాలు

1871 డిసెంబరులో నార్‌ఫోక్‌లోని సాండ్రింగ్‌హామ్ భవనం నుంచి వెలువడే వైద్యుల ప్రకటనల కోసం ఇంగ్లండు ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. విక్టోరియా రాణి పెద్దకొడుక్కి టైఫాయిడ్. ఆయన గట్టెక్కాడు. మరుసటి ఫిబ్రవరిలో లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో కృతజ్ఞతా ప్రార్థనలు జరిగాయి. అదే జ్వరం సోకిన ఆయన గుర్రపుశాల నౌకరు బ్లెగ్ మాత్రం దక్కలేదు. ఆ మరణానికి ఎవరినీ నిందించబోవడం లేదు. అడగాల్సింది వేరే ఉంది. రాజభవనం కాని మామూలు జమీందారీ ఇంట్లో పనిమనిషి మంచం పడితే ఆమెను చూసుకునే పూచీ ఎవరిది?

ఎవరిదీ కాదన్నది చట్టం. పనిలో గాయపడ్డ సేవకుడి వైద్యానికి యజమాని డబ్బు కట్టనక్కర్లేదని 1802లోనే వెన్నాల్-ఆడ్నీ కేసులో కోర్టు తేల్చింది. యజమాని తన డాక్టరును తానే పిలిపిస్తే ఆ ఫీజును జీతంలోంచి కోయకూడదని మరో తీర్పు. అంటే కనికరించి కబురు పెట్టినవాడికే ఖర్చు, ముఖం తిప్పుకున్నవాడికి ఏమీ లేదు. 1875 చట్టం ఇంకో అడుగు వేసినట్టే కనిపించింది: బాధ్యత ఉండీ తిండి, బట్ట, వసతి, వైద్యం కావాలని ఎగ్గొట్టిన యజమానికి 20 పౌండ్ల దాకా జరిమానా లేదా 6 నెలల దాకా జైలు. వైద్యం విషయంలో ఆ బాధ్యతే లేదని కోర్టులు ముందే చెప్పేశాక ఈ శిక్ష ఎవరిని భయపెట్టాలి?

ఈ లొసుగు బరువంతా మోసింది ఇళ్లలో పనికి కుదిరిన ఆడపిల్లలే. ఇంటి పనంతా ఒక్కతే చేసే మనిషికి ఏడాదికి 9 నుంచి 14 పౌండ్లు ఇవ్వవచ్చని 1861లో మిసెస్ బీటన్ గృహ నిర్వహణ గ్రంథం లెక్క కట్టింది. ఆ జీతానికి తెల్లవారకముందే బొగ్గు, వేడినీళ్లు వెనక మెట్ల మీదుగా మోయాలి, మోకాళ్ల మీద కూర్చుని నేల తోమాలి. ఆ మోకాళ్ల వాపుకు ఇంగ్లిషు వైద్యం పెట్టిన పేరే 'హౌస్‌మెయిడ్స్ నీ'. జ్వరమొస్తే కప్పు కింది అటక గది, గుమ్మానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన దుప్పటి. ఆ దుప్పటి అవతలివాళ్లను కాపాడటానికి. గంజి తెచ్చిచ్చేది ఆమె పని కూడా నెత్తిన పడ్డ మరో పనిపిల్ల. జబ్బు లాగితే నెల జీతం చేతిలో పెట్టి, పెట్టెతో సహా పుట్టింటికి బండెక్కించవచ్చు. అంటుజ్వరాలను చాలా ధర్మాసుపత్రులు చేర్చుకునేవి కావు. కనుక జ్వరమూ ఆమెతోపాటే తల్లి గుడిసెకు, తమ్ముళ్లూ చెల్లెళ్లూ పడుకునే గదికి చేరేది. పుట్టిల్లు లేనిదానికి వర్క్‌హౌస్ అనే పేదల శరణాలయమే గతి.

సొంత ఖర్చుతో వైద్యం చేయించి, కోలుకునేదాకా కూర్చోబెట్టి తిండి పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. వాటిని తక్కువ చేయకూడదు. కానీ ఆ మంచితనాన్నే సాకుగా చూపి పార్లమెంటు తప్పించుకుంది. 1880 యజమానుల బాధ్యత చట్టం ఇంటి నౌకర్లను బయటే నిలిపింది. 1897 నష్టపరిహార చట్టంలోనూ వారికి చోటు లేదు, 1906 దాకా ఆగాల్సి వచ్చింది. 1891 జనగణనలో 13 లక్షలకు పైబడిన ఆడ నౌకర్లను ఇలా వదిలేయడం పొరపాటు కాదు, తెలిసి చేసిన నిర్ణయం.

1911లో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ తెచ్చిన బీమా చట్టం పనిమనిషి నుంచి వారానికి 3 పెన్నీలు, యజమాని నుంచి 3 పెన్నీలు అడిగింది. ఆ చందా కింద కార్డు మీద అంటించాల్సిన స్టాంపులు అంటించబోమని నవంబరు 29న గొప్పింటి ఆడవాళ్లు లండన్‌లోని ఆల్బర్ట్ హాలు నింపారు. కొందరు పనివాళ్లనూ వెంటబెట్టుకొచ్చారు. చట్టం నిలిచింది. 1913 జనవరి నుంచి జబ్బుపడ్డ పనిమనిషికి వారానికి 7 షిల్లింగుల 6 పెన్నీలు, 26 వారాల దాకా, ఏ దొరసాని అనుమతీ లేకుండా అందసాగాయి.