ఓడదొంగల బళ్ళో మాట

మా ఆడపడుచు మొన్న నా మీదికి యుద్ధానికే వచ్చింది. కారణం వాళ్ళమ్మాయి. సెలవులకి మా ఇంటికొచ్చిన ఆ పిల్ల రాత్రి పదకొండింటిదాకా కంప్యూటర్ ముందు కూచుని కత్తియుద్ధాలు చేస్తోంది. నేను మానిపించకపోగా పక్కన కుర్చీ వేసుక్కూచున్నాను. అదీ నా నేరం.

"ఆడపిల్లకి ఓడదొంగల ఆటేమిటి వదినా? పైగా అందులో అంతా ఒకళ్ళనొకళ్ళు దెప్పుకోవడమేనటగా! దీనికి నోరు పెరిగితే రేపెవరు చేసుకుంటారు?" అంది.

అక్కడే జవాబు చెప్పాను గానీ సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ చెబుతాను. ఇలాంటి ఆడపడుచులు మీకూ ఉండే ఉంటారు.

ఆ ఆట పేరు 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'. 1990లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్ళు తెచ్చారు. రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ అనే ముగ్గురు రాశారు. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే అమాయకపు కుర్రాడు కరీబియన్ సముద్రంలో ఒక దీవికొచ్చి, ఓడదొంగనవుతానంటాడు. అక్కడి పెద్దలు మూడు పరీక్షలు పెడతారు. కత్తియుద్ధంలో గెలవాలి, ఒకచోట దొంగతనం చెయ్యాలి, నిధి తవ్వాలి. చివరి రెండింటినీ సమర్థించే ఓపిక నాకు లేదు. నా వాదమంతా మొదటిదాని గురించే.

కత్తి కొనుక్కుని గైబ్రష్ ఒక గురువు దగ్గరికి వెళతాడు. ఆయన డబ్బు పుచ్చుకుని, చెయ్యి తిప్పడం కాస్త నేర్పి, అసలు రహస్యం చెబుతాడు: గెలిచేది కత్తితో కాదు, మాటతో. ఎదుటివాడు ఒక దెప్పు విసురుతాడు. దానికి సరిపడే జవాబిస్తే నువ్వు ముందుకి, ఇవ్వలేకపోతే వెనక్కి. ఒకడు నీ కత్తిసాము చూస్తే పాలవాడు గుర్తొస్తున్నాడంటాడనుకోండి, అయితే ఇక్కడ గేదెవి నువ్వేనన్నమాట అనే అర్థం వచ్చేట్టు తిప్పికొట్టాలి. పాత హాలీవుడ్ ఓడదొంగల సినిమాల్లోనూ ఇంతే, కత్తులకన్నా మాటలే ఎక్కువ తగులుకుంటాయి. మనకిది కొత్తా? కాంతారావు, రాజనాల మెట్లమీద కత్తులు ఖణేలుమనిపిస్తూ చెప్పిన మాటల కోసమే కదూ మనం నేలటిక్కెట్టు కొన్నది!

ఇక ఆ జవాబులు నేర్చుకునే పద్ధతి చూడండి. నాకు ముచ్చటేసింది అక్కడే. ఎవరూ కూచోబెట్టి చెప్పరు. దారిన పోయే దొంగలతో తలపడాలి, ఓడిపోవాలి. వాడు విసిరిన కొత్త దెప్పుకి నీ దగ్గర జవాబు లేక నీళ్ళు నములుతావు. కానీ ఆ దెప్పు ఇప్పుడు నీది. దాన్ని ఇంకో దొంగమీద విసురుతావు. వాడికి జవాబు తెలిస్తే నిన్ను ఓడిస్తాడు, ఆ జవాబూ నీదవుతుంది. ఇలా పదహారు దెప్పులు, పదహారు జవాబులు. ఓడినందుకు ప్రాణం పోదు, పరువూ పోదు. లేచి దులుపుకుని ఇంకో దొంగని వెతుక్కోవడమే. మా మేనకోడలు మొదటిరోజు ఓడిపోతూనే ఉంది. ఓడిన ప్రతిసారీ "వచ్చిందత్తయ్యా, ఇంకోటొచ్చింది!" అని చప్పట్లు కొడుతుంది. ఇంట్లో లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే రెండ్రోజులు అన్నం మానేసే పిల్ల ఇది!

ఈ జవాబులన్నీ ఇప్పుడు పట్టీ వేసి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మా అబ్బాయి అది తెచ్చి "చదివేస్తే అయిపోతుందిగా" అన్నాడు. గైడు కొని పరీక్ష పాసవడం మన వాళ్ళ రక్తంలో ఉంది. ఆ పిల్ల తిప్పి కొట్టింది. మంచి పనే చేసింది. ఎందుకంటే చివర ఎదురయ్యే కత్తిసాము గురువు అడవిలో ఒంటరిగా ఉంటుంది. అవును, ఆడమనిషే, కార్లా ఆవిడ పేరు. ఆవిడ పాత దెప్పులేవీ విసరదు. అన్నీ కొత్తవే. నీకొచ్చిన ఆ పదహారు జవాబుల్లోంచే దేనికేది అతుకుతుందో అప్పటికప్పుడు చూసుకోవాలి. బట్టీ పట్టిన వాళ్ళు అక్కడ బోర్లాపడతారు.

నోరు పెరుగుతుందంటుంది మా ఆడపడుచు. ఆ ఆటలో అరిచి గెలిచినవాడు ఒక్కడూ లేడు. ఎదుటివాడు అన్నది పూర్తిగా వినాలి. వాడి మాటలోంచే కొస పట్టుకుని వాడికే చుట్టాలి. విననివాడు ఓడతాడు. నోరు పెరగడమంటే ఇదేనా?

ఆవిడకి గుర్తుచెయ్యక తప్పలేదు. మూడేళ్ళ క్రితం వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి ఉప్మా తింటూ, "ఫోటోలో ఇంకాస్త తెల్లగా ఉందే!" అంది. పిల్ల తలెత్తలేదు. మేం నలుగురు పెద్దాళ్ళం అక్కడే ఉన్నాం. నేను చేసిందేమిటంటే, "ఇంకాస్త ఉప్మా వెయ్యమంటారా?" అనడం. జవాబు మూడోరోజు రాత్రి పాలగిన్నె తోముతుంటే వచ్చింది: "ఫోటోలో మీ అబ్బాయికి జుట్టు కూడా ఉందండీ!" గిన్నె పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ పిల్లకి నా వంతుగా ఒక్క మాట అడ్డుపెట్టలేకపోయాను కదా అని.

"అలా అనుంటే సంబంధం పోయేది కాదూ?" అంది మా ఆడపడుచు.

"ఎలాగూ పోయిందిగా వదినా!"

ఆవిడ మాట్లాడలేదు. మాటకు మాట తెగులు అంటూ మనల్ని పెంచారు. మంచిదే. కానీ మొదటి మాట అన్నవాళ్ళకి ఎవరూ ఆ సామెత చెప్పరేం? రెండో మాట దగ్గరే, అదీ ఆడపిల్ల నోటి దగ్గరే గుర్తొస్తుందేం? తిట్టమని నేననను. అవతలివాళ్ళు విసిరింది ఒంటిమీద పడకుండా తప్పించుకోవడం పిల్లలకి ఎవరో ఒకరు నేర్పాలిగా! మేం నేర్పలేకపోయాం, మాకూ ఎవరూ నేర్పలేదు. సముద్రపు దొంగలు నేర్పుతుంటే వద్దంటానా?

ఆ రాత్రి కార్లాతో పోరు మొదలైంది. మా ఆడపడుచు మంచినీళ్ళకని వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపటికి, "ఏమందే ఆవిడ?" అంది. మేనకోడలు తెలుగు చేసి చెప్పింది. "దానికిదా జవాబు? ఛ, ఆ ముందుదయితే అతుకుతుంది" అని తనే లోపలికొచ్చి మంచం అంచున కూచుంది. పిల్ల గెలిచింది. గెలిచినట్టు రుజువుగా కార్లా ఇచ్చిందేమిటో తెలుసా? ఒక నూలు టీషర్టు.

"ఇంత యుద్ధం చేసి బనీనా!" అంది మా ఆడపడుచు.