అక్షరం చెదరని సవరణలు

భారత రాజ్యాంగానికి 2023 నాటికి 106 సవరణలు జరిగాయి. కానీ రాజ్యాంగం ఎంత మారిందో ఈ లెక్క ఒక్కటే చెప్పదు. ఈ జాబితాకెక్కని మార్పులు కొన్ని, ఎక్కినవాటికంటే లోతైనవి.

368వ అధికరణ చూపిన మార్గం కఠినమైనదే. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. సమాఖ్య స్వరూపానికి సంబంధించిన అంశాలకైతే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా అంగీకరించాలి. ఇంత కట్టుదిట్టం చేసిన రాజ్యాంగమే ఆచరణలోనూ, వ్యాఖ్యానంలోనూ నిశ్శబ్దంగా మారిపోతున్నది.

రాష్ట్రపతి పాలనకు వీలు కల్పించే 356వ అధికరణ ఆచరణలో నిరుపయోగంగానే మిగిలిపోవాలని అంబేద్కర్ ఆశించారు. కేంద్రంలోని పాలకులు దానిని నూరుసార్లకు పైగా ప్రయోగించారు. 1977లో జనతా ప్రభుత్వం, 1980లో కాంగ్రెస్ ప్రభుత్వం తొమ్మిదేసి రాష్ట్రాల ప్రభుత్వాలను ఒక్క వేటుతో కూల్చాయి. ఆపద్ధర్మం రాజకీయాస్త్రమైంది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు దీనికి కళ్ళెం వేసింది. బలాబలాలు తేలవలసింది సభలోనేననీ, రాష్ట్రపతి ప్రకటన న్యాయసమీక్షకు లోబడుతుందనీ స్పష్టం చేసింది. ఆ తీర్పు బలంతోనే 2016లో అరుణాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రభుత్వాలు తిరిగి నిలబడ్డాయి.

న్యాయమూర్తుల నియామకం కథ వేరు. 124వ అధికరణలోని 'సంప్రదింపు' అన్న మాటకు 1993లో సుప్రీంకోర్టు 'సమ్మతి' అని అర్థం చెప్పింది. రాజ్యాంగంలో ఎక్కడా లేని కొలీజియం అలా పుట్టింది. దాని స్థానంలో నియామకాల కమిషన్‌ను తెచ్చిన 99వ సవరణను ఉభయసభలు ఆమోదించాయి, సగానికి పైగా రాష్ట్రాలు బలపరిచాయి. అయినా 2015లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. వ్యాఖ్యానంతో వచ్చిన మార్పు నిలిచింది, సవరణతో వచ్చినది నిలవలేదు.

అనధికారిక మార్పులన్నీ చెడ్డవని కాదు. ఆ మార్పు ఎవరి అధికారాన్ని పెంచుతున్నదన్నదే గీటురాయి. ఒకరి పెత్తనానికి హద్దు గీసిన బొమ్మై తీర్పు ప్రజాస్వామ్యానికి మేలు చేసింది. 356ను విచ్చలవిడిగా వాడిన పాలకులూ, నియామకాధికారాన్ని తమ చేతికి తీసుకున్న న్యాయమూర్తులూ తమకు తామే అధికారం కట్టబెట్టుకున్నారు. న్యాయవ్యవస్థ స్వతంత్రత కోసమేనన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే అది జవాబుదారీతనానికి ప్రత్యామ్నాయం కాజాలదు. అటువంటి మార్పులు ప్రజల ఎదుట చర్చకు నిలవాలి. సవరణలను లెక్కపెట్టే జాతి, లెక్కకు రాని సవరణలపైనా కన్నేసి ఉంచాలి.